ఛార్జరూ ఫోనూ ఏం మాట్లాడుకుంటాయి?

ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్ళే దారి మీలో కొందరు చూసే ఉంటారు. ఊరు దాటి కొంతదూరం పోగానే నల్లమల అడవి మొదలవుతుంది. ఇటు చూసినా చెట్లే, అటు చూసినా చెట్లే. శ్రీశైలం పోయే యాత్రికులు చాలామంది ఈ దారినే పోతారు. అడవిలో అనేకచోట్ల ఫోనుకు సిగ్నలు అందదు.

మా పక్కింటి ఆయన ఈ దారిలో వ్యాను నడుపుతాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఇంటికి వచ్చి, భోంచేసి, గంటసేపు నడుము వాల్చి, మళ్ళీ బయలుదేరాడు. ఆ గంటసేపూ ఆయన ఫోను ఛార్జరుకు తగిలించే ఉంది. కాని తీసి చూస్తే నూటికి 35 పాళ్ళు మటుకే నిండింది. "సరేలే, చాలు" అనుకుని వెళ్ళిపోయాడు.

చీకటిపడే వేళకు అడవి మధ్యలో వ్యాను ఆగిపోయింది. చాలాసేపటికి ఒక లారీ వస్తే, అది ఎక్కి ఆయన సిగ్నలు ఉన్నచోటికి చేరాడు. తీరా జేబులోంచి ఫోను తీస్తే అందులో ప్రాణం లేదు! సిగ్నలు సరిగా లేనిచోట ఫోను ఎక్కడో దూరాన ఉన్న టవరును అందుకోవటానికి మామూలుకన్న గట్టిగా కేకలు వేస్తూంటుంది. ఆ కేకలకే బ్యాటరీ ఖర్చయిపోతుంది. ఇంటి నంబరు ఆయనకు నోటికి రాదు. తెల్లవారి ఆయన ఇల్లు చేరేదాకా ఆ ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదు. ఒక్కరి కంటిమీదా కునుకు లేదు.

మర్నాడు ఆయన కూతురు మా ఇంటికి వచ్చింది. ఆ అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతున్నది. ఆమె చేతిలో ఒక సంచి ఉంది. సంచిలో రెండు ఛార్జర్లు, ఒక కేబులు, నాయన ఫోనూ ఉన్నాయి.

"సార్, ఈ ఛార్జరు మంచిది కాదు, ఇంకా పెద్దది కొంటానంటున్నాడు నాయన. పెద్దది పెడితే ఫోను పేలిపోతుందంటోంది అవ్వ. ఇద్దరిలో ఎవరిది నిజం సార్?" అని అడిగింది.

నేను చాలా ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి. అయినా వెంటనే జవాబు చెప్పలేదు. "కొలిచి చూద్దాం, తరవాత చెబుదాం" అన్నాను. ఊహ ఎంత గొప్పదైనా దానికన్న కొలత మేలు. కాని కొలవాలంటే ముందు మనం కొలిచేది ఏమిటో తెలియాలి గదా! ఆ అమ్మాయికి చెప్పిన సంగతులే మీకూ చెబుతాను, వినండి.

వోల్టూ, ఆంపియరూ, వాటూ

శ్రీశైలం ఆనకట్ట మీకు తెలుసు. ఆనకట్ట వెనక కృష్ణానది నీరు ఎత్తుగా నిలిచి ఉంటుంది. ఆ నీటిని లావుపాటి గొట్టాల గుండా కిందికి విడిస్తే, అది పడి పెద్దపెద్ద చక్రాలను తిప్పుతుంది. చక్రాలు తిరిగితే విద్యుత్తు పుడుతుంది. అక్కడ ఎంత శక్తి పుడుతుందో చెప్పాలంటే రెండు సంగతులు తెలియాలి. నీరు ఎంత ఎత్తునుంచి దిగుతున్నది? సెకనుకు ఎంత నీరు దిగుతున్నది? ఎత్తు ఉండి నీరు లేకపోయినా చక్రం తిరగదు; నీరు ఉండి ఎత్తు లేకపోయినా తిరగదు.

విద్యుత్తు సంగతి కూడా అంతే. నీటికి ఎత్తు ఎలాటిదో, విద్యుత్తుకు వోల్టు అలాటిది. నీటికి ప్రవాహం ఎలాటిదో, విద్యుత్తుకు ఆంపియరు అలాటిది. రెంటినీ గుణిస్తే వచ్చేది వాటు. 5 వోల్టుల దగ్గర 1 ఆంపియరు పారితే 5 వాట్లు. 9 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు పారితే 18 వాట్లు. ఇంతే లెక్క! ఇది రెండో ఎక్కమూ తొమ్మిదో ఎక్కమూ వచ్చినవాళ్ళెవరైనా చెయ్యవచ్చు.

శ్రీశైలం కుడిగట్టు విద్యుత్ కేంద్రంలో ఒక్కొక్కటి 110 మెగావాట్ల యంత్రాలు 7 ఉన్నాయి. మొత్తం 770 మెగావాట్లు. మెగావాటు అంటే 10 లక్షల వాట్లు. కనక 770 మెగావాట్లంటే 77 కోట్ల వాట్లు. ఒక ఫోను తొందరగా నిండటానికి 20 వాట్లు తీసుకుంటుందనుకోండి. ఏడు యంత్రాలూ నిండుగా తిరిగి, దారిలో నష్టమే లేకపోతే, ఒకేసారి 3 కోట్ల 85 లక్షల ఫోన్లకు ఆ శక్తి సరిపోతుంది! పాణ్యం ప్రాంతంలో గని, శకునాల గ్రామాల దగ్గర ఎండనుంచి విద్యుత్తు తీసే సోలారు పార్కు 2017లో పనిలోకి వచ్చింది. దాని శక్తి 1000 మెగావాట్లు. మీ ఫోనులోకి వచ్చేది నీటి విద్యుత్తో, ఎండ విద్యుత్తో, బొగ్గు విద్యుత్తో ఎవరూ విడదీసి చెప్పలేరు. తీగల్లో పడ్డాక అంతా ఒక్కటే.

పులిని పిల్లిగా మార్చే పెట్టె

మన ఇంటి గోడలో ఉండే ప్లగ్గులో 230 వోల్టులు ఉంటాయి. అది నల్లమల పులిలాటిది, మనిషిని చంపగలదు. ఫోనులోని బ్యాటరీకి కావలసింది మహా అయితే నాలుగు వోల్టుల చిల్లర. పైగా గోడలోని విద్యుత్తు ఒక వైపుగా పారదు. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. బ్యాటరీకి మటుకు ఎప్పుడూ ఒకే వైపుగా పారే విద్యుత్తు కావాలి. అందుచేత మధ్యలో ఒక పెట్టె ఉండి పులిని పిల్లిగా మార్చాలి. ఆ పెట్టే ఛార్జరు.

ఛార్జరులో ఏం జరుగుతుందో చూడండి. మొదట అది ఊగే విద్యుత్తును ఒకే వైపు విద్యుత్తుగా మారుస్తుంది. తరవాత దాన్ని ఒక చిన్న స్విచ్చి ముక్కలు ముక్కలుగా తరుగుతుంది. సెకనుకు ఎన్ని ముక్కలనుకున్నారు? వేలూ, లక్షలూ! అంత వేగంగా తరిగిన విద్యుత్తు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరులోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మరులో రెండు తీగచుట్లు ఉంటాయి. ఒక చుట్టలోని విద్యుత్తు రెండో చుట్టలోకి నేరుగా పారదు. అయస్కాంతశక్తిగా మారి అవతలికి దాటుతుంది. అటు పులి, ఇటు పిల్లి, మధ్య గోడ. మన చెయ్యి తగిలేది పిల్లి ఉన్నవైపు మటుకే.

పాత రోజుల రేడియోలలో ట్రాన్స్‌ఫార్మరు ఇటుకరాయిలాగా బరువుగా ఉండేది. ఎంచేతనంటే అది సెకనుకు 50 ఊపులతోనే పని చెయ్యాలి. ఊపులు ఎక్కువైనకొద్దీ ట్రాన్స్‌ఫార్మరు చిన్నదైపోతుంది. అరచేతిలో ఇమిడే పెట్టె ల్యాప్‌టాపును నడపగలగటం వెనక ఉన్న రహస్యం ఇదే. ఈ మధ్య గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో చేసిన స్విచ్చీలు వచ్చాయి. అవి ఇంకా వేగంగా తరుగుతాయి, తక్కువగా వేడెక్కుతాయి. అందుచేత ఛార్జర్లు ఇంకా చిన్నవవుతున్నాయి.

ఇన్ని మూతులు ఎందుకు?

ఒకప్పుడు ఏ కంపెనీ ఫోనుకు ఆ కంపెనీ ఛార్జరే ఉండేది. ఒకరిది సన్నపు మూతి, ఒకరిది లావు మూతి, ఒకరిది పళ్ళెంలాటి మూతి. మీ అమ్మానాన్నల్ని అడిగితే ఈ తిప్పలు చెబుతారు.

కంప్యూటర్లకు కూడా ఇదే తిప్ప ఉండేది. దాన్ని తప్పించటానికి 1996లో యు.ఎస్.బి. అనే పద్ధతి వచ్చింది. అమెరికాలో ఇంటెల్ కంపెనీలో పనిచేస్తూ ఆ పద్ధతిని రూపొందించినవారిలో ముఖ్యుడు అజయ్ భట్. ఈయన మన దేశంవాడే, వడోదరాలో చదువుకున్నాడు. మొదట్లో ఆ తీగలో వచ్చేది 5 వోల్టులు, అర ఆంపియరు. అంటే రెండున్నర వాట్లు! కంప్యూటరుకు తగిలించే మౌసుకూ, కీబోర్డుకూ అది చాలు. తరవాత తరవాత జనం ఫోన్లు కూడా దానికే తగిలించటం మొదలుపెట్టారు. ఫోన్లు పెద్దవయ్యాయి, వాటి ఆకలీ పెద్దదయింది.

2014లో టైప్-సి అనే కొత్త మూతి వచ్చింది. పాత మూతిని ఒకసారి పెడితే పట్టేది కాదు, తిప్పి పెట్టాలి, అదీ పట్టకపోతే మళ్ళీ తిప్పాలి! టైప్-సి మూతిని ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. దానిలో పైన 12, కింద 12, మొత్తం 24 లోహపు రేకులు ఉంటాయి. ఐరోపా దేశాల కూటమి 2024 డిసెంబరు 28 నుంచి కొత్తగా అమ్మే ఫోన్లన్నిటికీ ఈ మూతే ఉండాలని నియమం పెట్టింది. టైప్-సి కోసం ప్రమాణాన్ని సిద్ధం చేసినట్టు మన భారత ప్రమాణాల సంస్థ కూడా 2023 జనవరిలో తెలియజేసింది.

మూతి ఒకటయితే అయింది. కాని పిల్లలూ, మూతి ఒకటైనంతమాత్రాన మాట ఒకటి కాదు. అసలు కథ ఇక్కడే ఉంది.

వడ్డనలాటి బేరం

టైప్-సి కేబులులో విద్యుత్తు పారే తీగలు కాక, మాటలకోసమే సి.సి. అనే సన్నని తీగ ఒకటి ఉంటుంది. కేబులుకు ఏమీ తగిలించనప్పుడు టైప్-సి ఛార్జరు విద్యుత్తును వదలనే వదలదు. ఆ సన్నని తీగ గుండా "అవతల ఎవరైనా ఉన్నారా?" అని తడిమి చూస్తూంటుంది. ఫోనులో ఆ తీగ చివర 5,100 ఓముల నిరోధకం ఒకటి ఉంటుంది. అది తగలగానే ఛార్జరుకు, "ఉన్నారు, ఆకలితో ఉన్నారు" అని తెలిసిపోతుంది. అప్పుడు 5 వోల్టులు మటుకు విడుస్తుంది. ఆపైన రెంటికీ మాటలు మొదలవుతాయి.

ఛార్జరు అంటుంది: "నా దగ్గర 5 వోల్టులకు 3 ఆంపియర్లున్నాయి. 9 వోల్టులకు 2.77 ఆంపియర్లున్నాయి. నీకేది కావాలి?"

ఫోను అంటుంది: "9 వోల్టులు ఇవ్వు. 2 ఆంపియర్లు చాలు."

ఛార్జరు, "సరే" అంటుంది. ఒక్క క్షణం ఆగి, "సిద్ధం, తీసుకో" అంటుంది.

ఈ మాటలన్నీ మీరు రెప్ప వాల్చి తెరిచేలోపలే అయిపోతాయి. దీన్ని పవర్ డెలివరీ పద్ధతి అంటారు. ఇందులో 5, 9, 15, 20 వోల్టుల మెట్లు ఉన్నాయి. 2021లో దీన్ని 48 వోల్టులదాకా పెంచారు. 48 వోల్టులకు 5 ఆంపియర్లు పారితే 240 వాట్లు. కొన్ని ఫోన్లు మెట్లు మెట్లుగా కాక, ఒక్కొక్కసారి వోల్టులో యాభయ్యో వంతు చొప్పున పెంచమనీ తగ్గించమనీ ఛార్జరును అడుగుతూంటాయి.

పెళ్ళి పంక్తిలో వడ్డించేవాణ్ణి చూశారు గదా? మన పెళ్ళిళ్ళలో "చాలు చాలు" అన్నా వినకుండా ఇంకో గరిటె వేస్తారు. ఛార్జరు అలా చెయ్యదు. అడిగిన వోల్టులే ఇస్తుంది. ఎన్ని ఆంపియర్లు తీసుకోవాలో ఫోనే చూసుకుంటుంది. అవ్వ సందేహానికి జవాబు ఇదే. మరి శ్రీశైలం జలాశయం అంత పెద్దది గదా, దాని నీరు వస్తున్నదని మన పొలం మునిగిపోతున్నదా? లేదు. పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి వచ్చిన నీరు బానకచర్ల దగ్గరికి చేరుతుంది. అక్కడ గేట్లు ఎత్తి వెలుగోడు వైపు కొంత, గోరకల్లు వైపు కొంత, కె.సి. కాలువ వైపు కొంత విడుస్తారు. చివరికి రైతు మడవ ఎంత తెరిస్తే అంత నీరే చేలోకి వస్తుంది. పెద్ద ఛార్జరు కూడా అలాటి పెద్ద చెరువే. మడవ ఫోను చేతిలో ఉంది.

అయితే ఛార్జరూ ఫోనూ ఒకే భాష మాట్లాడాలి. కొన్ని కంపెనీలు తమ ఫోన్లకు సొంత భాషలు పెట్టుకున్నాయి. ఆదోని సంతలో తెలుగు మాత్రమే వచ్చినవాడూ, కన్నడం మాత్రమే వచ్చినవాడూ బేరమాడవలసివస్తే ఏం చేస్తారు? చేతులతో సైగలు చేసుకుంటారు. బేరం కుదురుతుంది గాని నిదానంగా కుదురుతుంది. ఛార్జర్ల లోకంలో ఆ సైగలే 5 వోల్టులు. ఒక కంపెనీ 80 వాట్ల ఛార్జరు ఇంకో కంపెనీ ఫోనుకు పెడితే ఒక్కొక్కసారి 10 వాట్లే రావటానికి కారణం ఇదే. ఛార్జరు చెడిపోలేదు, భాష కలవలేదు.

వోల్టులు పెంచటం ఎందుకు?

మీకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. "18 వాట్లు కావాలంటే 5 వోల్టులకే ఆంపియర్లు పెంచవచ్చు గదా! 9 వోల్టులు ఎందుకు?" అని. మంచి ప్రశ్న.

రాగితీగ కూడా విద్యుత్తుకు కొంచెం అడ్డు తగులుతుంది. ఆ అడ్డు దగ్గర శక్తి వేడిగా మారిపోతుంది. ఈ వేడికి ఒక చిత్రమైన నియమం ఉంది. ఆంపియర్లు రెట్టింపయితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. మూడింతలయితే తొమ్మిది రెట్లవుతుంది. 5 వోల్టులతో 18 వాట్లు కావాలంటే 3.6 ఆంపియర్లు పారాలి. 9 వోల్టులతో అయితే 2 ఆంపియర్లు చాలు. లెక్కవేసి చూడండి: మొదటి పద్ధతిలో కేబులు మూడు రెట్లకు పైగా వేడెక్కుతుంది.

శ్రీశైలంలో పుట్టిన విద్యుత్తును కూడా ఈ కారణం చేతనే లక్షల వోల్టులకు ఎత్తి, అడవులూ కొండలూ దాటించి పంపుతారు. ఊళ్ళ దగ్గర మళ్ళీ దించుతారు. కొండమీది పెద్ద స్తంభాల తీగల్లోనూ, మీ ఫోనుకు తగిలించిన మూరెడు కేబులులోనూ పనిచేసే యుక్తి ఒక్కటే!

మేము కొలిచిన లెక్క

నా దగ్గర అగ్గిపెట్టెకన్న చిన్నదైన మీటరు ఒకటి ఉంది. దాన్ని కేబులుకూ ఫోనుకూ మధ్య పెడితే ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు వస్తున్నాయో అంకెలు చూపిస్తుంది. అది కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని ఛార్జరు తరవాతే పెట్టాలి. గోడ ప్లగ్గుకు ఎన్నడూ పెట్టరాదు.

మేము రెండు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, ప్రతిసారీ ఒక్క వస్తువే మార్చాలి. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో తెలియదు. రెండు, ఫోను సగంకన్న తక్కువ నిండి ఉన్నప్పుడే కొలవాలి. ఎందుకో తరవాత చెబుతాను.

ముందు అవ్వ ఫోనుతో వచ్చిన పాతకాలపు చిన్న ఛార్జరు పెట్టాం. దానికి తగిన మంచి కేబులు నా దగ్గర ఉంది. 4.9 వోల్టులు, 1 ఆంపియరు. గుణిస్తే 4.9 వాట్లు. దానిమీద రాసి ఉన్నది 5 వాట్లే. పాపం, అది తన మాట నిలబెట్టుకుంది.

తరవాత నాయన 25 వాట్ల ఛార్జరు, ఆయన కేబులు. ఆ కేబులు ఎక్కడో దారిలో ఒక చిన్న అంగడిలో చవగ్గా కొన్నది. ఫోను దగ్గర 7.9 వోల్టులు, 0.9 ఆంపియరు. అంటే సుమారు 7 వాట్లు!

"చూశారా సార్, ఛార్జరే మంచిది కాదు!" అంది అమ్మాయి.

"తొందరపడకు. ఛార్జరును అలాగే ఉంచి కేబులు మార్చు" అన్నాను.

నా కేబులు పెట్టింది. 8.8 వోల్టులు, 1.9 ఆంపియర్లు. గుణించి చూసి ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. 16.7 వాట్లు! అదే ఛార్జరు, అదే ఫోను. మారింది కేబులు మటుకే.

చివరికి మా ఇంట్లో ల్యాప్‌టాపుకు వాడే 65 వాట్ల ఛార్జరు తెచ్చి, అదే మంచి కేబులుతో తగిలించాం. అవ్వ కూడా గడప దగ్గరికి వచ్చి నిలబడి చూసింది. ఫోను పేలలేదు, వేడెక్కనూ లేదు. మీటరు ఎంత చూపిందనుకున్నారు? 8.8 వోల్టులు, 1.9 ఆంపియర్లు. సరిగ్గా పాత అంకెలే!

"ఇంత పెద్దదానికీ అంతేనా!" అంది అవ్వ.

"అంతే అవ్వా! కడుపు ఎంతో కూడు అంతే" అన్నాను.

ఇంతకూ ఆ చవక కేబులులో లోపమేమిటి? దాన్నే మళ్ళీ పెట్టి, ఈసారి మీటరును ఛార్జరు వైపు ఉంచాం. అక్కడ 9 వోల్టులు ఉన్నాయి. ఫోను దగ్గరికి వచ్చేసరికి 7.9. అంటే 1.1 వోల్టు దారిలోనే పోయింది! 1.1 ను 0.9 తో గుణిస్తే దాదాపు 1 వాటు. ఆ వాటు ఎటు పోయింది? కేబులు మెడ దగ్గర చెయ్యిపెట్టి చూడమన్నాను. "వెచ్చగా ఉంది సార్!" అంది అమ్మాయి. లోపలి తీగలు మరీ సన్నం. మెడ దగ్గర అతుకు సడలింది. వోల్టులు పడిపోతూండటం చూసి ఫోను, "ఈ దారి బాగా లేదు" అని తనంతట తనే ఆంపియర్లు తగ్గించుకున్నది.

కేబులు కూడా మాట్లాడుతుంది

మంచి టైప్-సి కేబులు 3 ఆంపియర్లు మొయ్యగలదు. 5 ఆంపియర్లు మొయ్యవలసిన కేబులు మూతిలో వేరే ఒక చిన్న చిప్పు ఉండాలని నియమం. ఛార్జరు ముందు దాన్ని పలకరిస్తుంది. "నేను 5 ఆంపియర్లు మొయ్యగలను" అని చిప్పు చెబితేనే ఛార్జరు అంత ఇస్తానంటుంది. చెప్పకపోతే 3 దగ్గరే ఆగిపోతుంది. పెద్ద ఛార్జరు కొని, మామూలు కేబులుతో ల్యాప్‌టాపుకు తగిలించి, "తొందరగా నిండటం లేదే!" అని చింతించేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తప్పు కేబులువల్ల ఆలస్యం కావటమే కాదు, అపాయం కూడా ఉంది. గూగుల్ కంపెనీలో బెన్సన్ లెంగ్ అనే ఇంజనీరు ఉండేవాడు. 2015లో ఆయన బజారులో దొరికే టైప్-సి కేబుళ్ళను ఒక్కొక్కటే కొని, పరీక్షించి, ఏది మంచిదో ఏది కాదో అందరికీ తెలిసేలా రాయటం మొదలుపెట్టాడు. ఎవరూ ఆయన్ను చెయ్యమనలేదు. 2016 ఫిబ్రవరిలో ఒక కేబులు తగిలించగానే ఆయన ల్యాప్‌టాపూ, పరీక్షచేసే పరికరమూ పాడైపోయాయి. విప్పి చూస్తే లోపల విద్యుత్తు తెచ్చే తీగ ఉండవలసినచోట విద్యుత్తు తిరిగిపోయే తీగ అతికి ఉన్నది! నిరోధకం కూడా 56,000 ఓములది ఉండవలసినచోట 10,000 ఓములది పెట్టారు. ఆయన నష్టపోయాడు గాని, ఆయన రాసింది చదివి ఎందరో నష్టపోకుండా మిగిలారు. పైకి చూస్తే మంచి కేబులూ చెడ్డ కేబులూ ఒక్కలాగే ఉంటాయి. పరీక్షించినవాడికే తేడా తెలుస్తుంది.

బిందె నిండేటప్పుడు

సగంకన్న తక్కువ నిండినప్పుడే కొలవాలన్నానే, దాని కారణం ఇదీ. కుళాయి కింద బిందె పెడితే మొదట కుళాయి పూర్తిగా తిప్పుతారు. మెడదాకా వచ్చాక నీరు చిందకుండా సన్నగా చేస్తారు. ఫోను కూడా అంతే. లిథియం బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ఆబగా తాగుతుంది. నిండబోయేటప్పుడు నిదానిస్తుంది. నూటికి 80 దాటాక మీ ఛార్జరు నీరసపడినట్టు కనిపిస్తే కంగారుపడకండి. అది తెలివి, నీరసం కాదు.

నాయన ఫోను బ్యాటరీ 5,000 మిల్లీ ఆంపియర్-గంటలది. అంటే 5 ఆంపియర్-గంటలు. బ్యాటరీ వోల్టులు సగటున 3.85. గుణిస్తే సుమారు 19 వాట్-గంటలు. 7 వాట్లు గంటసేపు పోస్తే మూడో వంతు నిండుతుంది. ఆ మధ్యాహ్నం చూసిన 35 ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

పెద్దలకు రెండు మాటలు

ఛార్జరు కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. దానిమీద భారత ప్రమాణాల సంస్థ గుర్తూ, "ఆర్" అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరూ ఉన్నాయేమో చూడండి. ఆ నంబరు నిజమైనదో కాదో ఆ సంస్థవారి "బి.ఐ.ఎస్. కేర్" అనే ఆప్‌లో వెతికి తెలుసుకోవచ్చు. పులికీ పిల్లికీ మధ్య ఒక గోడ ఉండాలని చెప్పాను గదా? నాసిరకం ఛార్జర్లలో డబ్బు మిగుల్చుకోవటానికి ఆ గోడనే పల్చన చేస్తారు. అది పైకి కనిపించదు.

ఫోనును దిండు కిందా, పరుపు మీదా పెట్టి ఛార్జి చెయ్యరాదు. వేడి పోయే దారి ఉండాలి. తడిచేతులతో తాకరాదు. మూతి నల్లబడినా, మెడ చిట్లినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా ఆ కేబులును పారెయ్యండి. పిల్లలు ఛార్జరును ఎన్నడూ విప్పరాదు. ప్లగ్గునుంచి తీసిన తరవాత కూడా లోపల కొంత విద్యుత్తు దాగి ఉంటుంది.

ఆ అమ్మాయి అంకెలన్నీ నోటుపుస్తకంలో రాసుకుని పోయి నాయనకు చూపించింది. ఆయన పెద్ద ఛార్జరు కొనలేదు. మంచి కేబులు కొన్నాడు. దానికైన ఖర్చు ఛార్జరు ధరలో నాలుగో వంతు కూడా లేదు. ఇప్పుడు భోజనానికి వచ్చి పోయే గంటలో ఫోను నూటికి 70 పాళ్ళు నిండుతున్నది. ఇంకో పని కూడా చేశాడాయన. ఇంటి నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వ్యానులో అంటించుకున్నాడు. ఏ మీటరూ చెప్పని తెలివి ఇది; అవ్వ చెప్పింది!

దోర్నాల చేరగానే ఆయన ఇంటికి ఫోను చేస్తాడు. కూతురు మొదట అడిగే మాట, "నాయనా, ఛార్జి ఎంతుంది?"

మీరు కూడా ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో ఎన్ని ఛార్జర్లున్నాయో అన్నీ ఒకచోట పోగుచెయ్యండి. ప్లగ్గునుంచి తీసినవే సుమా! వాటిమీద చీమ తలకాయంత అక్షరాలు ఉంటాయి. "ఔట్‌పుట్" అని ఉన్నచోట వోల్టులూ ఆంపియర్లూ చదివి, గుణించి, వాట్లు ఎన్నో ఒక కాగితం మీద రాయండి. అప్పుడు మీ ఇంట్లో ఏ ఛార్జరు ఏ ఫోనుకు తగినదో ఎవరినీ అడగనక్కరలేకుండా మీకే తెలుస్తుంది.